నీళ్ళ అడుగున పెళ్ళి విచారణ

"కులం తప్ప ఇంగొక్క తప్పు సూపియ్యండి. నేనే వద్దంటా."

మా అక్క కూతురు గాయత్రి కంచం ముందు కూర్చుని ఈ మాట అన్నప్పుడు, మా బావ ఓబులేసు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా అక్క సరోజ మజ్జిగ గిన్నె పట్టుకుని నా వైపు చూసింది. నంద్యాలలో మా ఇంటికి ఏ సంబంధం వచ్చినా చివరికి చూపులన్నీ నా మీదికే తిరుగుతాయి. మేనమామను కావడం ఒక కారణం. అనుమానపడే విద్యలో నన్ను మించినవాడు మా వంశంలో లేకపోవడం అసలు కారణం.

నా పని కూడా అదే. విత్తనాల కంపెనీ తరఫున వరి మళ్ళలో తిరుగుతూ బెరుకులు ఏరిస్తాను. మంచి విత్తనం మధ్యలో మొలిచిన వేరే రకం మొక్కను బెరుకు అంటారు. చూడ్డానికి పక్కదానిలాగే పచ్చగా ఉంటుంది. గట్టు మీద నిలబడి దాన్ని కనిపెట్టి పీకించాలి. ఏళ్ళ తరబడి అలా చూసీ చూసీ నా కళ్ళు మనుషులను కూడా అలాగే చూడ్డానికి అలవాటుపడ్డాయి. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అనే నాకు ముందు తోస్తుంది.

అబ్బాయి పేరు కృపావరం. ఆళ్ళగడ్డ. తండ్రి పోయాడు, తల్లి ఏసమ్మ అక్కడ బడిలో ఆయా. గాయత్రీ అతనూ నంద్యాలలో కలిసి డిగ్రీ చదివారు. ఆ తర్వాత అతను అండమాన్ వెళ్ళి, ఎక్కడో దూరంగా ఉన్న దీవిలో ఒక రిసార్టులో చేరాడు. వచ్చినవాళ్ళ వీపుకు గాలి సిలిండరు కట్టి, సముద్రం అడుక్కి తీసుకుపోయి చేపలు చూపించడం అతని ఉద్యోగం. ఆళ్ళగడ్డ పిల్లవాడికి సముద్రంతో ఏం సంబంధం? అక్కడి నుంచే నాకు అనుమానం మొదలైంది.

మా బావ సభల్లో మైకు పట్టుకుంటే మనుషులంతా ఒక్కటే అని ధారాళంగా చెప్పే మనిషి. కూతురి ముందు కులం పేరు చెప్పి వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు. అబ్బాయి తాగుబోతనో, పేకాట పిచ్చి ఉందనో, ఇంకో పెళ్ళాం ఉందనో తేలితే అందరి పరువూ నిలబడుతుంది.

"నువ్వే పోయి సూసిరాప్పా మద్దిలేటీ," అన్నాడు బావ. "టూరుకొచ్చినట్ల పో. వానితో నీళ్ళలోకి దిగు, నాలుగు దినాలు ఎంబడే తిరుగు. ఖర్చు నాది."

ముందుగా ఆళ్ళగడ్డకు వెళ్ళాను. పెళ్ళి విచారణకు మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంటికి పోకూడదు. టీ అంగట్లోనో మంగలి షాపులోనో కూర్చోవాలి. గుణం ఎలాంటిదని అడగకూడదు, అడిగితే ఎవరైనా బంగారం అనే చెబుతారు. రాకపోకలు అడగాలి. ఊరికి ఎప్పుడొస్తాడు, ఏ బస్సుకు దిగుతాడు, ఒంటిగా వస్తాడా ఎవరినైనా వెంటేసుకొస్తాడా, ఏ దారిలో ఇల్లు చేరతాడు, చీకటి పడ్డాక బయట తిరుగుతాడా. రాకపోకలు తెలిస్తే మనిషి తెలిసినట్టే. మా నాయన ఇట్లాగే విచారించి మా అక్కకు ఓబులేసు బావను తెచ్చాడు.

శిల్పాలు చెక్కే అంగళ్ళ పక్కన ఒక టీ అంగడి ఉంది. టీలో కూడా రాతి పొడి తగులుతుంది. అక్కడ కూర్చుని వరసగా అన్నీ అడిగాను. టీ కాచే ఆయన గరిటె తిప్పడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"యా ఊరప్పా మీది?"

"పాణ్యం," అని అబద్ధం చెప్పాను.

ఆయన నేను సగం తాగిన గ్లాసు తీసుకుని తొట్లో పడేశాడు. బెంచీ మీద ఉన్న ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, వీడి గురించి దాచేది ఏదో గట్టిగానే ఉంది అనుకుని సంబరంగా ఇంటికొచ్చాను.

ఇక ఆ దీవి సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగి, ఓడెక్కి, మళ్ళీ ఒక చిన్న పడవెక్కి వెళ్ళాలి. అంత దూరం పోతే ఉన్నవి వెదురు గుడిసెలు. ఏసీ లేదు, టీవీ లేదు, స్నానానికి బకెట్టు, చెంబు. ప్రకృతిని కాపాడుతున్నామని గోడకు బోర్డు పెట్టారు. మా పొలంలో మంచె కూడా ఇంతకంటే గట్టిగా ఉంటుంది. దానికి ఢిల్లీ, బెంగళూరుల నుంచి మనుషులొచ్చి బారులు తీరుతున్నారు. ఫోను సిగ్నలు మాత్రం పడవల రేవు చివర నిలబడితేనే వస్తుంది.

ఆఫీసు గుడిసెలో ఆధార్ కార్డు అడిగితే ఇచ్చాను. అప్పటికే కృపావరం అక్కడికొచ్చాడు. సన్నగా, నల్లగా, ఉప్పు నీళ్ళకు ఎర్రబారిన జుట్టుతో ఉన్నాడు.

"మీ పేరు సార్?" అని తెలుగులోనే అడిగాడు.

"వెంకటేశ్వర్లు," అన్నాను హుందాగా.

అతను బల్ల మీది ఆధార్ కార్డు వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. "రండి సార్," అన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను తప్ప, నా కార్డు నా పేరు చెబుతుందన్న ఇంగితం ఆ పూట నాకు కలగలేదు.

మొదటి రోజు నడుము లోతు నీళ్ళలో నేర్పించాడు. గాలి పీల్చే గొట్టం నోట్లో ఎలా పట్టుకోవాలో, అద్దాల్లోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది ఎలా బయటికి పంపాలో ఓపికగా చెప్పాడు. రెండో రోజు లోతుకు దిగాం. నిజం చెప్పొద్దూ, లోపల చాలా బాగుంది. నీలం చేపలు మంద మందగా నా మొహం ముందు నుంచే పోయాయి. నేను చేపలు చూడ్డానికి రాలేదని నాకు నేనే గుర్తు చేసుకోవలసి వచ్చింది.

చూడవలసినవి చూశాను. మిగతా డైవింగ్ పిల్లలు కొత్తవాళ్ళను వెనక నుంచి సిలిండరు పట్టుకుని నడిపిస్తున్నారు. కృపావరం మాత్రం నాకు ఎదురుగా, చేయి చాచినంత దూరంలో, వెనక్కి ఈదుతున్నాడు. రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు. ఒక్కసారి కూడా నాకు వీపు చూపించలేదు. వీపు మీద ఏ పిల్ల పేరో పచ్చబొట్టు ఉండి ఉంటుందని లెక్కగట్టాను.

మా అక్క చేసిచ్చిన చెక్కలు, నువ్వుల ఉండలు తీసి పెడితే పక్కన పెట్టేశాడు. "ఇప్పుడే తిన్యా సార్," అంటాడు. ఆళ్ళగడ్డ పిల్లవాడు ఇంటి నువ్వుల ఉండ వద్దంటాడా? నా గుడిసె తలుపు సరిగా పడడం లేదని పిలిస్తే, పడవ నడిపే అతన్ని వెంట తెచ్చుకున్నాడు. నేను ఎక్కడ కూర్చుంటే ఆ పడవతను అక్కడికి దగ్గర్లో వల బాగు చేసుకుంటూ కనిపిస్తున్నాడు. ఏదో కుట్ర ఉంది.

అన్నిటికన్నా పెద్దది ఆ ఫోను. నీళ్ళలోకి దిగే ముందు ఒకసారి, పైకొచ్చాక ఒకసారి, తడి బట్టలతోనే రేవు చివరికి పరుగెత్తి ఎవరికో ఫోను చేస్తున్నాడు. మూడో రోజు కొబ్బరి చెట్ల చాటున నిలబడి విన్నాను.

"పైకొచ్చినా. నాకేం కాలేదు. ఏడొద్దు. ఇప్పుడన్నా తిను పో."

అవతల ఆడ గొంతు. దొరికాడు! ఏడ్చే ఆడది, అన్నం మానేసే ఆడది పెళ్ళాం కాక ఇంకెవరు? బావకు వెంటనే ఫోను చేద్దామనుకుని, అది ఎవరో, యా ఊరో కూడా తేల్చుకుని చేద్దామని ఆగాను. బావ మెచ్చుకోలు ముందే చెవుల్లో మోగుతోంది.

ఆఖరి రోజు ఇంకాస్త లోతుకు తీసుకుపోయాడు. పగడపు బండల పక్కన ఏదో చేపను చూపిస్తున్నాడు. నా బుర్ర నిండా ఆ ఆడగొంతే ఉంది. తల అటు తిప్పేసరికి బండకు తగిలి అద్దాలు పక్కకు జరిగాయి. కళ్ళల్లోకి, ముక్కులోకి ఉప్పు నీళ్ళు. ముక్కుతో ఊదాలని తెలుసు, కానీ ఆ తెలిసినది ఎటు పోయిందో పోయింది. కుందూ ఏట్లో ఈదినవాణ్ణి, నాకేం భయం అనుకున్న నేను పిచ్చివాడిలా కొట్టుకున్నాను. నా నోట్లో గొట్టం ఊడిపోయింది. ఎదురుగా కనిపించిన అతని మీదికి దూకి, మెడ పట్టుకుని, అతని నోట్లోని గొట్టం లాగేశాను.

అతను నన్ను తన్ని పోవచ్చు. పోలేదు. నా రెండు చేతులూ ఒక్క చేత్తో ఒడిసిపట్టి, నా గొట్టం వెదికి ముందు నా నోట్లో పెట్టి, ఆ తర్వాత తన గొట్టం తాను పెట్టుకున్నాడు. నా గుండెల మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, చాలా మెల్లగా పైకి తెచ్చాడు.

ఒడ్డున ఇసుకలో పడి దగ్గి దగ్గి కక్కుకున్నాను. తల ఎత్తితే అతను మోకాళ్ళ మీద కూర్చుని గడగడా వణుకుతున్నాడు. పడవతను అతని భుజం పట్టుకుని నన్ను కొట్టేలా చూస్తున్నాడు.

"ఏందప్పా, మునిగింది నేను, వణుకుతాండేది నువ్వు?" అన్నాను.

అతను పడవతన్ని దూరంగా పొమ్మని సైగ చేశాడు.

"నువ్వు గాయత్రి మామవని నాకు తెలుసన్నా. ఆధార్ కార్డు చేతికిచ్చి పేరు మార్చి చెప్పుకునే మనిషిని నిన్నొక్కన్నే సూసినా. కార్డు లేకున్నా గుర్తుపట్టేటోన్నే, ఆ పిల్ల ఫోన్లో నీ ఫోటోలు శానా సూసినా."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోపమే శరణ్యం అనిపించింది. "తెలిసి ఎందుకు చెప్పలే? దినామూ ఆ ఫోన్లో ఏడ్సే ఆడమనిషి ఎవురు?"

"మా అమ్మ."

"ఎందుకేడుస్తాండాది?"

"నువ్వొచ్చినావని."

నాకు అర్థం కాలేదు. "నేను సంబంధం విచారిచ్చేదానికి వచ్చినానప్పా."

"ఆళ్ళగడ్డలో నువ్వేమడిగినావో టీ అంగడాయప్ప మా ఇంటికొచ్చి చెప్పినాడన్నా. ఏసమ్మ కొడుకు యా బస్సుకు దిగుతాడు, ఒంటిగా వస్తాడా, ఏ దావన ఇల్లు చేరతాడు, సీకటి పడినాంక బయటికొస్తాడా అని అడిగినావంట. ఊరు గూడా అబద్ధం చెప్పినావంట. మన పక్క ఆ మాటలు ఎవురు అడుగుతారో నీకు తెలీదా?"

తెలుసు. మా జిల్లాలో పుట్టినవాడికి ఎవరికైనా తెలుసు. ఆ ప్రశ్నలు రెండు రకాల మనుషులు అడుగుతారు. పిల్లనిచ్చేవాళ్ళు, ప్రాణం తీసేవాళ్ళు. నేను మొదటి రకం అని నాకు ఎంత నమ్మకమంటే, రెండో రకం గుర్తే రాలేదు. కులం తక్కువ పిల్లవాడి తల్లికి గుర్తొచ్చేది రెండోదేనని ఆ టీ అంగట్లో ఒక్కడికి తప్ప అందరికీ తెలిసింది. ఆ ఒక్కడూ నేనే.

నువ్వుల ఉండలు ఎందుకు తినలేదో, వీపు ఎందుకు చూపించలేదో అడగాల్సిన పని లేకుండా పోయింది.

"మళ్ళ నన్ను నీళ్ళలోకి ఎందుకు పిల్చుకోని పోయినావప్పా? కాదనుంటే సరిపోయేది కదా."

"గాయత్రి ఎప్పుడూ చెప్తాదన్నా. మా మామకు అనుమానం జాస్తి, మనిషి మాత్రం మంచోడని. మా అమ్మేమో వానితో దిగొద్దు అంటాది. ఎవురిది నిజమో తెలీక నీ మొగం సూస్కుంటా ఎనక్కి ఈదినా." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇందాక నువ్వు మీదపడి గొట్టం పీకినప్పుడు అమ్మదే నిజమనుకున్న్యా."

"అనుకోని గూడా నన్ను వదల్లేదే?"

"ఆ టైములో ఆలోచన రాదన్నా. మునిగేటోన్ని పట్టుకునేదే కదా మా పని."

నేను ఏడ్చాను. దాచుకునేదేముంది, నలభై దాటినవాణ్ణి, ఇసుకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బతికి బయటపడ్డానని కాదు. ఒక కుర్రవాడు రోజూ నన్ను తన చావు అనుకుంటూ నా వీపుకు గాలి కట్టాడు. వాల్వు తిప్పి చూశాడు, బెల్టు బిగించాడు, నా చెవులు నొప్పెడుతున్నాయేమో అని అడిగాడు. ఆ రోజుల్లో నేను కొబ్బరి చెట్ల చాటున నిలబడి, వాళ్ళమ్మతో మాట్లాడే మాటలు దొంగచాటుగా విన్నాను.

తిరుగు ప్రయాణంలో చెన్నైలో విమానం దిగి ఎక్కిన నంద్యాల బస్సు ఆళ్ళగడ్డ మీదుగానే వస్తుంది. అక్కడ ఆగినప్పుడు దిగి ఏసమ్మ కాళ్ళ మీద పడదామనుకున్నాను. నన్ను చూస్తే ఆ తల్లి గుండె ఆగుతుందేమోనని సీట్లోంచి లేవలేదు. పెళ్ళి మాట ఖాయం చేసుకుని, గాయత్రిని వెంటబెట్టుకుని వస్తే ఆ మొహం వేరేగా ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు చేరేసరికి బావ వరండాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు.

"రాప్పా రా. మొగమంతా నల్లబడిందే. ఏం దొరికింది?"

"ఏం దొరకలేదు బావా. తాగడు, పేకాడడు, ఏ గొడవా లేదు. బంగారట్లాంటి పిల్లోడు. నా ప్రాణం నిలబెట్టినాడు. పిల్లనిచ్చేద్దాం."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. వక్క ముక్క నోట్లో వేసుకుని, ఆకుకు సున్నం రాసుకుంటూ అడిగాడు.

"నీళ్ళలోకి మీరిద్దరే పోతారంట గదా?"

"ఊ."

"ఎంత లోతుంటాది?"

"తాటిచెట్టంత."

"ఆడ ఏమన్నా అయితే ఎవురన్నా సూసేటోల్లు ఉంటారా?"

"సముద్రంలో ఎవురుంటారు బావా?"

"అదే నేననేది." ఆకు మడిచి దవడన పెట్టుకున్నాడు. "అన్ని దినాలు వాడు నీ చేతికింద ఉన్న్యాడు. ప్రమాదమైందంటే అడిగే నాథుడు లేడు. తప్పు దొరకలేదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? నేను నిన్ను తప్పెతికేదానికే పంపిచ్చినానా మద్దిలేటీ? అన్నీ నోరిడిచి చెప్పల్లా?"

ఆయన గొంతులో కోపం లేదు. వడ్ల ధర మాట్లాడినట్టు మాట్లాడాడు. నాకు పదహారేళ్ళప్పటి నుంచి తెలిసిన మనిషి. మా నాయన పోతే పాడె మోసిన మనిషి, ఇప్పటికీ గాయత్రికి ముల్లు తీసి చేప ముక్క పెట్టే మనిషి. నాకు భయమేసింది. సముద్రంలో గొట్టం ఊడినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

"పోనీలే," అన్నాడు బావ. "నీతో కాకుంటే మనుషులు లేరా? క్రిస్మస్‌కు వాడు ఆళ్ళగడ్డకు రాకుండా పోతాడా? యా బస్సుకు దిగుతాడో నువ్వు విచారిచ్చే ఉంటావ్ గదా."

నేను జవాబు చెప్పేలోగా గాయత్రి లోపలి నుంచి వచ్చింది. తల దువ్వుకుంటూ వచ్చినట్టుంది, దువ్వెన జడలోనే ఉంది. నా మొహం చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"మామా, తప్పు దొరికిందా?"

బావ నన్నే చూస్తున్నాడు. ఏం చెప్పాలో ఆ చూపే చెబుతోంది. ఒక్క అబద్ధం చెబితే చాలు, తాగుబోతు అంటే చాలు, ఆ పిల్ల మాట మీద నిలబడుతుంది, ఈ ఇల్లు ఎప్పటిలా ఉంటుంది. కృపావరం కూడా బతికిపోతాడు. ఒక్క క్షణం అదే మంచిదేమో అనిపించింది కూడా. కానీ ఈ మనిషి చేతి మీదుగా ఆ పిల్లను ఇంకొకడికి ఇచ్చే పెళ్ళిలో నేను నిలబడలేను.

"దొరికింది పాపా. ఆ పిల్లోని దగ్గర కాదు, మన దగ్గర. వాన్ని క్రిస్మస్‌కు రావద్దని చెప్పు. వాళ్ళమ్మను పిల్చుకోని నువ్వే ఆడికి పోవల్ల. ఇప్పుడే. నేనొస్తా తోడు."

"మద్దిలేటీ!" బావ లేచాడు. ఒళ్ళోని వక్కలు నేల మీద దొర్లాయి.

గాయత్రి తండ్రి వైపు తిరిగింది. సంగతంతా ఆయన మొహంలోనే చదువుకున్నట్టుంది. రెండడుగులు వెనక్కి వేసి నా పక్కకొచ్చి నిలబడింది.

అప్పుడు మా అక్క బయటికొచ్చింది. చేతిలో గాయత్రి కాలేజీ బ్యాగు ఉంది, బట్టలు కుక్కి జిప్పు సగమే పడింది. అంతా విన్నదని అర్థమైంది. మొగుడి వైపు చూడకుండా నేరుగా వచ్చి బ్యాగు నా చేతిలో పెట్టింది.

"బేగా పిల్చుకోని పో," అంది. "నిన్ను పంపిచ్చిన దినమే నాకు అనుమానమొచ్చింది. అప్పట్నుంచి ముద్ద దిగలేదు."

"మళ్ళ నాకొక్క మాట ఎందుకు చెప్పలేదక్కా? చెప్పింటే పోకుండానే ఉంటాంటినే."

అక్క నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నా కళ్ళలోకి చూడలేక బ్యాగు జిప్పు లాగుతూ చెప్పింది.

"నీకు తెలిసే పోతాండావేమో అనుకున్న్యా రా."

గాయత్రి అప్పటికే మెట్లు దిగింది. బ్యాగు భుజాన వేసుకుని నేనూ దిగాను.